కొనే ముందే అమ్మే దారి

తెలుగునాట స్థలాల మీద సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. రింగు రోడ్డు ఏ ఊరి మీదుగా వెళ్తుందో, ఏ మండలంలో ఫ్యాక్టరీ వస్తుందో, ఏ వెంచర్‌లో గజం కొంటే ఐదేళ్లలో రెట్టింపవుతుందో చెప్పేవాళ్లు వీధికొకరు కనిపిస్తారు. వీళ్లందరి పాఠమూ కొనడంతో మొదలై కొనడంతోనే ముగుస్తుంది. 2023 మే 18న, 81 ఏళ్ల వయసులో కన్నుమూసిన అమెరికా పెట్టుబడిదారు శామ్ జెల్ పాఠం ఇంకో కొసన మొదలయ్యేది. రేపు డబ్బు అవసరమై ఈ ఆస్తి అమ్మాల్సి వస్తే ఎవరు కొంటారు, ఎన్నాళ్లలో కొంటారు, అప్పటిదాకా దీన్ని మోయగల శక్తి నాకు ఉందా? కొనేటప్పుడే ఈ ప్రశ్న వేసుకోనివాడికి ఆస్తి దక్కదని, ఆ ఆస్తికి వాడే దక్కుతాడని ఆయన జీవితం మొత్తం చెబుతుంది. అర్ధ శతాబ్దం పాటు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ, ఆయన పేరున్న విశ్వవిద్యాలయ కేంద్రాల్లో చదువుకున్నవాళ్లూ పట్టుకెళ్లిన అసలు విద్య ఇదే. స్థలం మీద జీవితాంతపు పొదుపు పెట్టే తెలుగు కుటుంబానికి ఆయన సంపద కన్నా ఈ విద్యే విలువైనది. అది ఎంత నిజమో ఆయన గెలుపులే కాదు, ఆయన చేసిన తప్పులు కూడా రుజువు చేస్తాయి.

ఈ ప్రశ్న జెల్‌కు ఆయన ఇంట్లోనే పుట్టింది. తండ్రి పోలండ్‌లో ధాన్యం వ్యాపారి. 1939 ఆగస్టులో హిట్లర్, స్టాలిన్ ఒప్పందం చేసుకున్నారన్న వార్త వినగానే ఇక తమ దేశానికి రెండు వైపులా ముప్పేనని గ్రహించి, ఆ రోజే భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని రైలెక్కాడు. లిథువేనియాలో జపాన్ దౌత్యాధికారి చియునె సుగిహారా ఇచ్చిన వీసాతో సోవియట్ దేశం దాటి, జపాన్ చేరి, 1941లో అమెరికాలో అడుగుపెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరు 28న షికాగోలో శామ్ పుట్టాడు. వెనక ఉండిపోయిన బంధువుల్లో చాలామంది ఆ తర్వాతి మారణకాండలో మిగల్లేదు. ఇల్లూ కొట్టూ పొలమూ ఎంత ఉన్నా, కదలాల్సిన రోజున కదల్లేకపోతే అవే కాళ్లకు సంకెళ్లవుతాయని ఆ కుటుంబానికి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. పెద్దయ్యాక జెల్ వ్యాపార సభల్లో పదే పదే చెప్పిన సూత్రం ఒకటుంది: ఆస్తి విలువ దాని లిక్విడిటీలోనే, అంటే కావాల్సినప్పుడు డబ్బుగా మారగలగడంలోనే ఉంటుంది. వినడానికి అది లెక్కల పుస్తకంలోని మాటలా ఉన్నా, దాని వేళ్లు ఆ రైలు ప్రయాణం దాకా పోతాయి.

ఆయన చదువుకునే రోజుల్లోనే ఈ వ్యాపారంలోకి దిగాడు. మిచిగాన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్ పట్టణంలో విద్యార్థులు అద్దెకుండే భవనాల నిర్వహణ చేపట్టాడు. తోటి విద్యార్థి రాబర్ట్ లూరీ తోడయ్యాడు. 1966లో లా పట్టా చేతికి వచ్చేసరికి వాళ్ల చేతికింద వేల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కొంతకాలానికి ఈక్విటీ గ్రూప్ పెట్టి లూరీని భాగస్వామిగా చేర్చుకున్నాడు. 1990లో లూరీ క్యాన్సర్‌తో మరణించేదాకా ఆ స్నేహం సాగింది. ఇక్కడ గమనించాల్సింది ఆయన ఎంచుకున్న ఊళ్లు. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద ధనవంతులతో పోటీకి దిగకుండా, జనం పెరుగుతున్నా పెట్టుబడిదారుల చూపు పడని చిన్న నగరాలు వెతికాడు. అద్దెకుండేవాళ్లు ఎందరు, కట్టే ఇళ్లు ఎన్ని అన్న లెక్క ముందు వేశాడు. స్థలం అందం, చిరునామా గొప్ప ఆ తర్వాతి సంగతి. గిరాకీ, సరఫరా అన్న రెండు ముక్కలు బళ్లో అందరూ చదువుకునేవే. వాటిని ప్రతి కొనుగోలు ముందూ నిజంగా లెక్కగట్టే క్రమశిక్షణే ఆయన ప్రత్యేకత.

ఆ క్రమశిక్షణకు 1970ల్లో పరీక్ష ఎదురైంది. ఆ దశాబ్దం మొదట్లో అమెరికాలో అప్పు తేలిగ్గా దొరికింది కాబట్టి అందరూ కట్టారు. అవసరానికి మించి కట్టారు. 1973 తర్వాత చమురు ధరలు ఎగసి, ఆర్థిక వ్యవస్థ కుంగి, ఖాళీ భవనాలు అప్పిచ్చిన సంస్థల మెడకు చుట్టుకున్నాయి. అందరూ కొంటున్న రోజుల్లో జెల్ వెనక్కి తగ్గి, కష్టాల్లో పడబోయే భవనాలను నిర్వహించే సంస్థను సిద్ధం చేసుకున్నాడు. కూలిన తర్వాత, చేతి నుంచి పెట్టాల్సింది నామమాత్రంగా ఉండేలా, మారని తక్కువ వడ్డీ అప్పులతో సహా ఆ భవనాలు తీసుకున్నాడు. తర్వాత ద్రవ్యోల్బణం పెరిగి 1980లో 13.5 శాతానికి చేరింది. అద్దెలు పెరిగాయి, వాయిదాలు మాత్రం పాత అంకె దగ్గరే ఆగాయి. ఈ అనుభవం మీదే 1976లో ‘రియల్ ఎస్టేట్ రివ్యూ’ అనే పత్రికలో వ్యాసం రాశాడు. సమాధుల మీద నాట్యమాడేవాడు అన్న అర్థం వచ్చే శీర్షిక దానికి పెట్టాడు. ఆ పేరు జీవితాంతం ఆయన్ను వదల్లేదు. ఆ పేరును తలచుకునే చాలామంది మరిచిపోయేది, ఆ వ్యాసం చివర ఆయన చేసిన హెచ్చరికను. ఆడేవాడు ఏమరిస్తే తానూ అదే గోతిలో పడతాడని, ఆడేవాడికీ గోతిలో ఉన్నవాడికీ మధ్య ఉన్న గీత చాలా సన్ననిదని ఆయన అందులోనే రాశాడు.

ఆ గీత ఎంత సన్ననిదో 1990ల మొదట్లో ఆయనకే తెలిసివచ్చింది. 1986లో పన్నుల చట్టం మారి రియల్ ఎస్టేట్‌కు ఉన్న రాయితీలు పోయాయి. ఆ తర్వాతి సంక్షోభంలో వెయ్యికి పైగా పొదుపు, రుణ సంస్థలు మూతపడ్డాయి. ఆఫీసు భవనాలు ఖాళీగా నిలిచాయి. బ్యాంకులు అప్పు ఇవ్వడం మానేశాయి. మంచి ఆస్తి చేతిలో ఉండి కూడా డబ్బు పుట్టని రోజులవి. దానికి జెల్ కనుక్కున్న దారి రీట్ అనే పద్ధతిని పూర్తిగా వాడుకోవడం. 1960లోనే చట్టం వచ్చినా, పెద్ద యజమానులు దాన్ని అంతగా పట్టించుకోలేదు. రీట్ అంటే అద్దెలొచ్చే భవనాలన్నిటినీ ఒక సంస్థ కిందికి తెచ్చి, దాని వాటాలను షేర్ మార్కెట్లో సామాన్యులకు అమ్మడం. ఆదాయంలో సింహభాగం వాటాదారులకు పంచి తీరాలి, లెక్కలు మూడు నెలలకోసారి బయటపెట్టాలి. 1993లో అపార్ట్‌మెంట్ల సంస్థ ఈక్విటీ రెసిడెన్షియల్‌ను, 1997లో ఆఫీసుల సంస్థ ఈక్విటీ ఆఫీస్‌ను ఆయన మార్కెట్‌కు తెచ్చాడు. 2001లో ఈక్విటీ ఆఫీస్ అమెరికాలోని 500 పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ సూచీలోకి చేరిన తొలి రీట్ అయింది. గోడల మధ్య గడ్డకట్టిన డబ్బును పొద్దున కొని సాయంత్రానికల్లా వదిలించుకోగల వాటాగా మార్చడమే ఇందులోని కిటుకు.

ఆ అల తెలుగునేలను కూడా తాకింది. భారతదేశంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో రీట్ల నిబంధనలు తెచ్చింది. 2019లో తొలి రీట్ ఎంబసీ మార్కెట్‌లోకి వచ్చింది. అప్పట్లో దాని వెనక ఉన్న సంస్థల్లో అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ ఒకటి. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్‌లో హైదరాబాద్ మాధాపూర్‌లోని మైండ్‌స్పేస్ ప్రాంగణం ముఖ్య భాగం. ఆ అద్దాల మేడల్లో ఉద్యోగం చేసే కుర్రాడు ఈ రోజు కొన్ని వందల రూపాయలతో వాటి అద్దెలో వాటాదారు కాగలడు. నచ్చకపోతే ఆ వాటా రేపే అమ్ముకోగలడు. పక్క మండలంలో అతని తండ్రి కొన్న ప్లాటుకు ఆ సౌకర్యం లేదు.

జెల్ పాఠానికి అతిపెద్ద రుజువు 2007 ఫిబ్రవరిలో దొరుకుతుంది. 500కు పైగా భవనాలున్న ఈక్విటీ ఆఫీస్‌ను, అప్పులతో కలిపి 3,900 కోట్ల డాలర్లకు అదే బ్లాక్‌స్టోన్‌కు అమ్మేశాడు. తాను ప్రాణం పోసిన సంస్థే అయినా, అన్ని భవనాలను మళ్లీ కట్టినా అంత ఖర్చవదు అనిపించే ధర వస్తుంటే పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదని తేల్చుకున్నాడు. బ్లాక్‌స్టోన్ కూడా వాటిలో చాలా భాగాన్ని నెలల్లోనే వేరేవాళ్లకు అమ్మేసింది. అలా కొన్నవాళ్లలో న్యూయార్క్ బిల్డర్ హ్యారీ మాక్‌లో ఒకడు. ఏడు ఆకాశహర్మ్యాలను దాదాపు 700 కోట్ల డాలర్లకు, దాదాపు అంతా ఏడాదిలో తీర్చాల్సిన అప్పుతో కొన్నాడు. ఏడాది తిరిగేసరికి అప్పుల మార్కెట్ గడ్డకట్టింది. 2008లో ఆ ఏడు భవనాలూ అప్పిచ్చినవాళ్లకు వదిలేయాల్సి వచ్చింది, ఎంతో ఇష్టపడి కొన్న జనరల్ మోటార్స్ భవనాన్ని కూడా అమ్ముకోవాల్సి వచ్చింది. భవనాలు అవే, వీధులు అవే. గోడలు కదల్లేదు, అద్దెదారులు పారిపోలేదు. ఒకరికి బయటికి దారి ఉంది, ఇంకొకరికి లేదు. అంతే తేడా.

ఈ విద్యను జెల్ మరొకరి నుంచి నేర్చుకున్నానని ఎప్పుడూ చెప్పుకునేవాడు. షికాగో వ్యాపారి జే ప్రిట్జ్‌కర్‌ను గురువుగా భావించాడు. ఎంత చిక్కైన వ్యవహారమైనా అది విరిగేచోట్లు ఒకటో రెండో ఉంటాయి, ముందు వాటిని పట్టుకోవాలి అన్నది ఆ గురువు నేర్పిన చూపు. ఆ చూపును సామాన్యుడి భాషలోకి తెచ్చుకుంటే మూడు ప్రశ్నలవుతాయి. ఒకటి, ఇదే ఇల్లు ఈ రోజు కొత్తగా కడితే ఎంతవుతుంది? దానికన్నా ఎక్కువ పెట్టి కొంటే, రేపు పక్కనే చవకగా కట్టేవాడు నా ధరను పడగొడతాడు. రెండు, ఈ చుట్టుపక్కల ఇంకా ఎన్ని రాబోతున్నాయి? మూడు, అప్పు వాయిదా తేదీ వచ్చేనాటికి నా అంచనా తప్పయితే ఏం మిగులుతుంది? ఈ మూడింటిలోనూ ‘ఎంత పెరుగుతుంది’ అన్న మాట లేదు. పెరిగితే అందరూ బాగుంటారు, పాఠంతో పనిలేదు. పెరగనప్పుడు నిలబెట్టేదే పాఠం.

ఇక్కడ తెలుగు పాఠకుడికి రావాల్సిన మొదటి అభ్యంతరం వస్తుంది. భూమిని ఎవరూ కొత్తగా పుట్టించలేరు, జనం మాత్రం పెరుగుతారు, కాబట్టి భూమి ధర ఎప్పటికీ పడదు కదా? మన ఇళ్లలో ఇది నమ్మకంగా కాదు, సత్యంగానే చలామణీ అవుతోంది. జపాన్‌లోనూ 1980ల్లో అందరూ ఇదే అన్నారు. చిన్న ద్వీపాల దేశం, స్థలం కొరత, ధర ఎలా తగ్గుతుంది అన్నారు. 1991 తర్వాత పెద్ద నగరాల్లో భూమి ధరలు పదేళ్లకు పైగా పడుతూనే పోయాయి. భూమి పెరగకపోవచ్చు, దాని మీద లేచే అంతస్తులు పెరుగుతాయి. 2006 నాటి భవన నిబంధనల నుంచి హైదరాబాద్‌లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి లేదు. కాబట్టి ఎకరం నేల ఎకరంగానే ఉన్నా, అందులో పట్టే ఫ్లాట్లకు రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీలే హద్దు. జెల్ పోయిన మూడు నెలలకు, 2023 ఆగస్టులో, కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ వార్త విని చుట్టూ పది మైళ్ల ప్లాట్ల యజమానులు తమ లెక్కలు సవరించుకున్నారు. జెల్ విద్యార్థి మాత్రం ఇంకో లెక్క వేస్తాడు: అంత పెట్టి కొన్నవాడు ఎన్ని అంతస్తులు లేపితే గిట్టుబాటవుతుంది, ఆ ఫ్లాట్లన్నీ ఒకేసారి అమ్మకానికి వస్తే కొనేవాళ్లు ఎందరు? అమరావతి కథ మరో కోణం. 2014 తర్వాత రాజధాని ప్రకటనతో చుట్టుపక్కల ధరలు ఎగశాయి. 2019లో ప్రభుత్వం మారి మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు మాయమయ్యారు. 2024 తర్వాత మళ్లీ కదలిక వచ్చింది. ఆ ఐదేళ్లలో నేల ఎక్కడికీ పోలేదు, అమ్ముకోగల వీలు పోయింది. ఆ మధ్యలో బిడ్డ పెళ్లో, ఆపరేషనో వచ్చిన కుటుంబానికి కాగితం మీది ధర అన్నం పెట్టలేదు.

రెండో అభ్యంతరం కూడా న్యాయమైనదే. వేల కోట్లు తిప్పే మనిషి సూత్రాలు నెల జీతం మీద బతికేవాళ్లకు ఎలా పనికొస్తాయి? ఇందులో లెక్క తిరగబడి ఉంది. జెల్‌కు ఒక భవనం పోతే వందలు మిగిలేవి. మన మధ్యతరగతి కుటుంబానికి ఉన్నదొక్క ప్లాటు. కాబట్టి బయటికి దారి గురించిన ప్రశ్న ఆయన కన్నా వాళ్లకే ప్రాణావసరం. పైగా ఆయన కొన్నవి అద్దెలొచ్చే భవనాలు. మనవాళ్లు ఎక్కువగా కొనేది ఖాళీ నేల, అది పైసా ఇవ్వదు. 50 లక్షలకు ప్లాటు కొని, పూర్తి ధర మీద తెలంగాణలో 7.5 శాతం చొప్పున స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కడితే చేతి నుంచి పోయేది 53 లక్షల 75 వేలు. ఏటా 8 శాతం వచ్చే చోట అదే డబ్బు పెడితే తొమ్మిదేళ్లకు కోటీ ఏడు లక్షలు దాటుతుంది. అంటే తొమ్మిదేళ్ల తర్వాత ప్లాటు సరిగ్గా కోటికి అమ్ముడుపోతే, రెట్టింపు చేశామని ఊరంతా చెప్పుకునే ఆ కుటుంబం నిజానికి వెనకబడింది. ప్రీ-లాంచ్ పేరుతో అనుమతులు రాని వెంచర్లలో డబ్బు కట్టేవాళ్ల సంగతి ఇంకా కష్టం. స్థిరాస్తి కొనుగోలుదారుల రక్షణకు రెరా చట్టం 2016లో వచ్చింది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలని చెప్పింది. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదంది. ఆ రక్షణను తామే వదులుకుని గజానికి రెండు వేలు తక్కువకు కొనేవాళ్లు, ఆ రెండు వేలకు తమ బయటి దారిని అమ్ముకుంటున్నారు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఇతరుల పతనం మీద బతికినవాణ్ణి గురువు అని ఎలా తలుచుకోవాలి? పతనమైన భవనాన్ని కొనేవాడు ఆ పతనాన్ని తేలేదు, అతిగా తెచ్చిన అప్పు తెచ్చింది. ఎవరూ కొనని రోజున కొన్నవాడి వల్లే అక్కడ మళ్లీ దీపం వెలిగింది. ఈ సమాధానం సగం దూరమే తీసుకెళ్తుంది. ఆయన సంస్థల్లో ఒకటి మొబైల్ ఇళ్ల కాలనీలు నడిపేది. అక్కడ ఇల్లు కాపురముండేవాళ్లది, కింద నేల కంపెనీది. పేరుకు మొబైల్ ఇల్లే అయినా దాన్ని లేపి ఇంకో చోట పెట్టడం చాలా ఖర్చుతో కూడిన పని. అద్దె పెంచితే వృద్ధులు ఎక్కడికి పోతారు? కాలిఫోర్నియాలోని శాన్ రఫాయెల్ నగరం అద్దెలకు పరిమితి పెడితే, ఆ సంస్థ ఏళ్ల తరబడి కోర్టులో పోరాడింది. 2013లో అప్పీలు కోర్టు నగరం పక్షాన తీర్పు చెప్పింది. అలాగే 2007లో షికాగో ట్రిబ్యూన్ పత్రికల సంస్థను 820 కోట్ల డాలర్ల ఒప్పందంతో చేతిలోకి తీసుకున్నప్పుడు జెల్ పెట్టింది 31.5 కోట్ల డాలర్లే. మిగతాది దాదాపు అంతా అప్పు, యాజమాన్యం ఉద్యోగుల షేర్ల ట్రస్టు పేరిట. ప్రకటనల ఆదాయం ఆయన అంచనాకన్నా వేగంగా పడిపోయింది. 2008 డిసెంబరులో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది, ఉద్యోగుల పేరిట ఉన్న వాటాలకు విలువ లేకుండా పోయింది. అది తాను చేసిన తప్పేనని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు.

ఈ రెండు ఉదంతాలనూ ఆయన ప్రశ్నతోనే చూస్తే దోషం ఎక్కడుందో తేలుతుంది. ట్రిబ్యూన్‌లో ఆయన తన నష్టానికి హద్దు గీసుకున్నాడు. ఉద్యోగులకు ఆ హద్దూ లేదు, బయటికి దారీ లేదు. కాలనీల్లో వాటాదారుడు ఒక్క క్షణంలో షేరు అమ్ముకోగలడు, నేల మీద ఇల్లున్న ముసలావిడ కదల్లేదు. తనకు దారి వెతుక్కోవడం నేర్పిన గురువు, ఎదుటివాడి దారి మూసుకుపోతోందా అని చూడడం అంతే గట్టిగా నేర్పలేదు. ఆ మాట చెప్పకుండా ఆయన్ను తలుచుకుంటే అది స్మరణ అవ్వదు, ముఖస్తుతి అవుతుంది. అయినా ఆ తప్పును కొలవడానికి వాడుతున్న కొలబద్ద ఆయనే ఇచ్చింది. శిష్యులు తన మీదే తిప్పి ప్రయోగించగల ప్రశ్నను వదిలి వెళ్లడం ఏ గురువుకైనా చిన్న విషయం కాదు.

ఆయన పేరు, లూరీ పేరు కలిపి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూల్లో రియల్ ఎస్టేట్ కేంద్రం, మిచిగాన్‌లో కొత్త వ్యాపారాలు నేర్పే సంస్థ పనిచేస్తున్నాయి. రెండింటా ముందు నేర్పాల్సింది కొనుగోలు కాగితం కాదు, అమ్మకం కాగితం. అదే పాఠం మన ఊళ్లో చెప్పడానికి విశ్వవిద్యాలయం అక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ అనుమతి, రెరా నంబరు చూసుకోవడం మనవాళ్లలో చాలామందికి అలవాటైంది. వాటి పక్కన ఇంకో కాగితం పెట్టుకోవాలి. ఈ స్థలం గత ఏడాదిలో నిజంగా ఎన్నిసార్లు చేతులు మారింది, ఆరు నెలల్లో అమ్మాల్సి వస్తే ఎంతకు పోతుంది, ఆ ధరకు అమ్మినా ఇంటి అప్పు తీరుతుందా అని అందులో రాసుకోవాలి. అమ్మేవాడైతే ఇంకో వాక్యం కూడా రాయాలి: నా దగ్గర కొన్నవాడికి రేపు కష్టం వస్తే, బయటపడే దారి నేను తెరిచే ఉంచానా? మొదటి ప్రశ్న జెల్ నేర్పాడు. రెండోది ఆయన మిగిల్చి వెళ్లాడు.